1990ల ప్రోగ్రెసివ్ మెటల్ ఆల్బమ్‌లు

ప్రోగ్రెసివ్ మెటల్ అనేది హెవీ మెటల్ సంగీతంలో ఒక శాఖ. హెవీ మెటల్‌లోని గిటార్ ధ్వని తీవ్రతతో, 1970లలో బ్రిటన్‌లో వర్ధిల్లిన ప్రోగ్రెసివ్ రాక్‌లోని దీర్ఘరచనలు, విషమ తాళగతులు, కథాత్మక ఇతివృత్తాలు కలిసి 1980లలో ఈ శాఖ రూపుదిద్దుకొన్నది. 1990ల దశాబ్దాన్ని దీనికి స్వర్ణయుగముగా పలువురు అభిమానులు పరిగణిస్తారు. అయితే ఆ దశాబ్దంలో వెలువడిన ఆల్బమ్‌లలో ఉత్తమమైనది ఏది అనే విషయమై ఏకాభిప్రాయం లేదు. డ్రీం థియేటర్ బృందపు "ఇమేజెస్ అండ్ వర్డ్స్" (1992), "సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ" (1999), ఫేట్స్ వార్నింగ్ బృందపు "ఎ ప్లెజంట్ షేడ్ ఆఫ్ గ్రే" (1997), సినిక్ బృందపు "ఫోకస్" (1993), టూల్ బృందపు "ఈనిమా" (1996) ఈ చర్చలో తరచుగా వినిపించే పేర్లు.

ఈ వివాదం పైకి అభిరుచుల భేదంగా కనిపించినా, దీని మూలం "ప్రోగ్రెసివ్" అనే పదానికి చెప్పుకొనే రెండు భిన్నమైన అర్థాలలో ఉన్నది. ఆ పదం ఒక నిర్దిష్టమైన శైలికి పేరు అని ఒక వర్గం, నిరంతరం ముందుకు సాగే గుణానికి పేరు అని మరొక వర్గం భావిస్తాయి. ఏ అర్థాన్ని స్వీకరించారనే దానిపై ఉత్తమ ఆల్బమ్ ఎంపిక చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఆల్బమ్ అనే ప్రమాణం

ఒకే ముద్రణగా విడుదలయ్యే పాటల సంపుటిని ఆల్బమ్ అంటారు. జనరంజక సంగీతంలో విడిపాటలకు ఎక్కువ ఆదరణ ఉండగా, ప్రోగ్రెసివ్ మెటల్‌లో ఆల్బమ్ మొత్తాన్ని ఒకే రచనగా వినడం ఆనవాయితీ. విడి చాటుపద్యానికి, ఆద్యంతాలు గల ప్రబంధానికి ఉన్న భేదం వంటిది ఇది. అందుచేత అభిమానుల చర్చలలో "ఉత్తమ పాట ఏది" అనే ప్రశ్న కంటె "ఉత్తమ ఆల్బమ్ ఏది" అనే ప్రశ్నకే ప్రాముఖ్యం ఎక్కువ.

ఇందుకు సాంకేతిక కారణం కూడా ఒకటి ఉన్నది. పూర్వపు గ్రామఫోను రికార్డు (ఎల్.పి.) రెండు వైపులా కలిపి సుమారు 40-45 నిమిషాల సంగీతం పట్టేది. 1990ల నాటికి కాంపాక్ట్ డిస్క్ వ్యాప్తిలోకి రావడంతో ఒకే ఫలకంపై 70 నిమిషాలకు మించిన రచన సాధ్యమయినది. ఈ కాలపు ఆల్బమ్‌లలో కొన్ని 75 నిమిషాలకు పైగా నిడివి కలిగి ఉండడానికి ఇదే కారణం. ఈ సౌకర్యం కొందరు స్వరకర్తలకు వరమైనదని, మరికొందరి రచనలలో అనవసరమైన సాగతీతకు దారితీసినదని రెండు అభిప్రాయాలు ఉన్నాయి.

నేపథ్యం

కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్ వంటి బ్రిటిష్ బృందాలు 1969 తరువాత రాక్ సంగీతాన్ని పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంతోనూ, జాజ్ సంగీతంతోనూ మేళవించి ప్రోగ్రెసివ్ రాక్‌ను వృద్ధి చేశాయి. కెనడాకు చెందిన రష్ బృందం "2112" (1976), "హెమిస్ఫియర్స్" (1978) ఆల్బమ్‌లలో ఈ పద్ధతికి గిటార్ ప్రధానమైన గట్టి ధ్వనిని జోడించినది. తరువాతి ప్రోగ్రెసివ్ మెటల్ బృందాలలో అనేకం రష్‌ను తమ పూర్వగామిగా పేర్కొన్నాయి.

1980ల మధ్యలో అమెరికాలో మూడు బృందాలు ఈ మార్గంలో పయనించాయి. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన క్వీన్స్‌రైక్, కనెక్టికట్‌కు చెందిన ఫేట్స్ వార్నింగ్, టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరానికి చెందిన వాచ్‌టవర్ ఆ మూడు బృందాలు. వాచ్‌టవర్ వారి "ఎనర్జెటిక్ డిసాసెంబ్లీ" 1985లో వెలువడినది. ఫేట్స్ వార్నింగ్ వారి "నో ఎగ్జిట్" (1988)లో 20 నిమిషాలకు మించిన ఒకే రచన ఉన్నది. అదే సంవత్సరం క్వీన్స్‌రైక్ "ఆపరేషన్: మైండ్‌క్రైమ్" విడుదల చేసినది. మత్తుమందులకు బానిసైన నికీ అనే యువకుణ్ణి డాక్టర్ ఎక్స్ అనే రాజకీయ కుట్రదారుడు హంతకునిగా మార్చడం ఇందులోని కథ. ఆల్బమ్ అంతటా ఒకే కథ నడిపించే పద్ధతికి ఈ శాఖలో ఇది ఒరవడిగా నిలిచినది.

కాల పరిధిపై భేదాభిప్రాయాలు

చర్చలో మొదటి తగవు కాల పరిధి విషయంలోనే వస్తుంది. 1990 నుండి 1999 వరకు అని కచ్చితమైన గీత గీస్తే "ఆపరేషన్: మైండ్‌క్రైమ్" పోటీలోకి రాదు. దానిని మినహాయించి ఈ యుగాన్ని చర్చించడం పునాదిని వదలి మేడను చర్చించడమే అవుతుందని దాని అభిమానులు అంటారు. అలాగే టూల్ వారి "లాటరాలస్", ఓపెత్ వారి "బ్లాక్‌వాటర్ పార్క్" 2001లో వెలువడినా, వాటి శైలి 1990ల కొనసాగింపే కనుక వాటిని కూడా చేర్చాలని కొందరు కోరుతారు. కాబట్టి ఒక జాబితాలో ప్రథమ స్థానం పొందిన ఆల్బమ్ మరొక జాబితాలో అసలు కనిపించకపోవడం సాధారణం.

తాళగతులు

పాశ్చాత్య జనరంజక సంగీతంలో ఎక్కువ పాటలు నాలుగు మాత్రల ఆవృత్తంలో నడుస్తాయి. ప్రోగ్రెసివ్ మెటల్ రచనలలో 5, 7, 9, 11, 13 వంటి విషమ సంఖ్యల ఆవృత్తాలు విరివిగా కనిపిస్తాయి. కర్ణాటక సంగీతంతో పరిచయం గల శ్రోతకు వీటిలో కొన్ని కొత్త కావు. 5 లెక్కను ఖండచాపుతోను, 7 లెక్కను మిశ్రచాపుతోను పోల్చవచ్చు. ఉదాహరణకు "ఈనిమా" ఆల్బమ్‌లోని "ఫార్టీ సిక్స్ అండ్ టూ" పాటలో 7 లెక్కలో నడిచే భాగాలు ఉన్నాయి.

అయితే ఒక భేదం గమనించదగినది. కర్ణాటక కృతిలో ఎత్తుకొన్న తాళం సాధారణంగా చివరివరకు మారదు. ప్రోగ్రెసివ్ మెటల్ రచనలో ఒకే పాటలో తాళం పలుమార్లు మారుతుంది. ఈ మార్పులు పాట భావానికి తోడ్పడుతున్నాయా, లేక వాద్యకారుల నేర్పును ప్రదర్శించడానికే ఉన్నాయా అనే ప్రశ్న ఈ చర్చలో ప్రతి ఆల్బమ్ విషయంలోనూ ఎదురవుతుంది.

ప్రధానమైన ఆల్బమ్‌లు

ఇమేజెస్ అండ్ వర్డ్స్ (1992)

బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో విద్యార్థులైన జాన్ పెట్రూచి (గిటార్), జాన్ మ్యుంగ్ (బాస్ గిటార్), మైక్ పోర్ట్‌నాయ్ (డ్రమ్స్) 1985లో "మెజెస్టీ" పేరుతో ఒక బృందాన్ని స్థాపించారు. అదే తరువాత డ్రీం థియేటర్ అయినది. 1989 నాటి మొదటి ఆల్బమ్ తరువాత గాయకుడు వైదొలగగా, సుదీర్ఘమైన అన్వేషణ అనంతరం కెనడాకు చెందిన జేమ్స్ లాబ్రీ 1991లో ఎంపికయ్యాడు. రెండవ ఆల్బమ్ "ఇమేజెస్ అండ్ వర్డ్స్" 1992 జులైలో విడుదలైనది. ఇందులోని "పుల్ మీ అండర్" ఎనిమిది నిమిషాలకు పైబడిన పాట అయినప్పటికీ రేడియోలోను, ఎం.టి.వి.లోను విశేషంగా ప్రసారమయినది. గ్రంజ్ సంగీతం అమెరికాను ముంచెత్తుతున్న కాలంలో ఇటువంటి ఆల్బమ్ గోల్డ్ గుర్తింపు పొందడం అసాధారణం.

ఈ ఆల్బమ్‌ను సమర్థించేవారు దీనిలో శ్రావ్యతకు, వాద్యనైపుణ్యానికి కుదిరిన సమతూకాన్ని చూపుతారు. ఆ తరువాత వచ్చిన పదులకొద్దీ బృందాలు దీనిని నమూనాగా తీసుకొన్నాయని కూడా అంటారు. విమర్శించేవారు డ్రమ్స్ ధ్వనిని తప్పుపడతారు. నిర్మాత డేవిడ్ ప్రేటర్ సహజమైన డ్రమ్స్ ధ్వనికి బదులు ముందే ముద్రించిన కృత్రిమ ధ్వనిని వాడాడు. ఇది పోర్ట్‌నాయ్‌కు కూడా రుచించలేదు.

అవేక్ (1994)

డ్రీం థియేటర్ మూడవ ఆల్బమ్. నిడివి సుమారు 75 నిమిషాలు. ముందు ఆల్బమ్ కంటె దీని ధ్వని బరువైనది, భావం విషాదభరితమైనది. ఇది విడుదల కాకముందే కీబోర్డు వాద్యకారుడు కెవిన్ మూర్ బృందాన్ని వీడాడు. ఆల్బమ్‌కు ముగింపుగా ఉన్న "స్పేస్-డై వెస్ట్" అతని రచనే. బృందం తన విజయసూత్రాన్ని తానే తిరగరాయకుండా మరొక దిక్కుకు మళ్ళినది కనుక ఇదే వారి ఉత్తమ కృతి అని ఒక వర్గం వాదిస్తుంది.

సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ (1999)

పూర్తి పేరు "మెట్రోపోలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ". 77 నిమిషాల ఈ రచన రెండు అంకాలుగా విభజింపబడినది. నికొలాస్ అనే వ్యక్తి వశీకరణ చికిత్సలో తన పూర్వజన్మను దర్శించి, విక్టోరియా అనే యువతి హత్య వెనుక గల రహస్యాన్ని తెలుసుకోవడం ఇందులోని కథ. కీబోర్డు వాద్యకారుడు జోర్డన్ రూడెస్ ఈ ఆల్బమ్‌తో బృందంలో చేరాడు. కథకు, సంగీతానికి గల పొందిక దీని బలమని సమర్థకులు అంటారు. కొన్ని వాద్యభాగాలు కథను పక్కకు నెట్టి విన్యాసాలుగా మారాయని, దీని కూర్పు 1970ల నాటి కథాత్మక ఆల్బమ్‌లకు మరీ దగ్గరగా ఉన్నదని ప్రత్యర్థులు అంటారు.

ఎ ప్లెజంట్ షేడ్ ఆఫ్ గ్రే (1997)

ఫేట్స్ వార్నింగ్ బృందానికి చెందిన గిటార్ వాద్యకారుడు జిమ్ మథియోస్ దీని ప్రధాన రచయిత. ఆల్బమ్ మొత్తం 12 భాగాలు గల ఒకే రచన. భాగాలకు విడిగా పేర్లు లేవు, సంఖ్యలు మాత్రమే ఉన్నాయి. డ్రీం థియేటర్‌ను వీడిన కెవిన్ మూర్ దీనికి కీబోర్డులు వాయించాడు. పూర్వం రష్ ఆల్బమ్‌లను నిర్మించిన టెర్రీ బ్రౌన్ దీని నిర్మాణంలో పాలుపంచుకొన్నాడు. ఇందులో పాత్రలు, సంఘటనలు గల కథ లేదు. ఒక మనిషి మనసులో మెదలే సందిగ్ధం, జ్ఞాపకం, పశ్చాత్తాపం ఇందులో ప్రధానం. వేగవంతమైన విన్యాసాలు తక్కువ. రేడియోకు తగిన విడిపాట లేనందున దీనికి జనాదరణ పరిమితమే. సంయమనమే గొప్ప నైపుణ్యమని భావించే అభిమానులు దీనిని అగ్రస్థానంలో నిలుపుతారు.

ఫోకస్ (1993)

ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీకి చెందిన సినిక్ బృందపు మొదటి ఆల్బమ్. పాల్ మాస్విడాల్ (గిటార్, గానం), షాన్ రైనర్ట్ (డ్రమ్స్) అంతకుముందు డెత్ బృందపు "హ్యూమన్" (1991) ఆల్బమ్‌లో వాయించారు. డెత్ మెటల్‌లోని కర్కశ గానాన్ని, జాజ్ స్వరసమ్మేళనాలను, యంత్రం ద్వారా మార్చిన మృదువైన గొంతును "ఫోకస్" ఒకే చోటికి తెచ్చినది. నిడివి 40 నిమిషాలకు లోపే. నాటి డెత్ మెటల్ శ్రోతలలో పలువురికి ఇది మింగుడుపడలేదు. 1994లో బృందం విడిపోయినది. తరువాతి సంవత్సరాలలో ఈ ఆల్బమ్ ఖ్యాతి క్రమంగా పెరిగి, 2006లో బృందం తిరిగి కలిసే నాటికి ఇది ఒక మైలురాయిగా గుర్తింపు పొందినది.

ఈనిమా (1996)

లాస్ ఏంజెలెస్‌కు చెందిన టూల్ బృందపు రెండవ పూర్తి ఆల్బమ్. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో రెండవ స్థానంలో ప్రవేశించినది. ఆ దేశంలో 30 లక్షల ప్రతుల గుర్తింపు (ట్రిపుల్ ప్లాటినం) పొందినది. జనాదరణలో పై ఆల్బమ్‌లన్నిటి కంటె ఇది ముందున్నది. టూల్ అసలు ప్రోగ్రెసివ్ మెటల్ బృందమేనా అనే ప్రశ్న మాత్రం తేలలేదు. వీరి సంగీతంలో సుదీర్ఘమైన గిటార్ విన్యాసాలు, కీబోర్డు ప్రాధాన్యం లేవు. ఒక చిన్న లయబద్ధమైన స్వరగుచ్ఛాన్ని క్రమంగా పెంచుతూ పోవడం వీరి పద్ధతి. ప్రోగ్రెసివ్ రాక్‌కు ఆద్యులలో ఒకరైన కింగ్ క్రిమ్సన్ 2001లో టూల్‌తో కలిసి కచేరీలు చేయడాన్ని వీరి సమర్థకులు ప్రమాణంగా చూపుతారు.

ఐరోపా బృందాలు

స్వీడన్‌కు చెందిన మెషుగ్గా "డిస్ట్రాయ్ ఎరేజ్ ఇంప్రూవ్" (1995)లో లయకే ప్రథమ స్థానం ఇచ్చినది. చేతితో వాయించే తాళపు పళ్ళెం నాలుగు లెక్కను నిలకడగా చూపుతుండగా, గిటార్లు, కాలితో వాయించే డ్రమ్ము వేరొక విషమ సంఖ్యలో ఆవృత్తమవుతూ చివరకు ఒక చోట కలుస్తాయి. ఈ పద్ధతి మృదంగ విద్వాంసులు తాళానికి అడ్డంగా లెక్కలు వేసి సమానికి చేరడాన్ని గుర్తుచేస్తుంది. అయితే విద్వాంసుడు సరిగ్గా చేరేలా ముందే గణిస్తాడు. మెషుగ్గా సాధారణంగా చివరి ఆవృత్తాన్ని మధ్యలో తుంచి కలుపుతుంది.

స్టాక్‌హోమ్‌కు చెందిన ఓపెత్ వారి "స్టిల్ లైఫ్" (1999), విశ్వాసం లేనివాడని ఊరినుండి వెలివేయబడిన వ్యక్తి తన ప్రియురాలి కొరకు తిరిగి రావడం అనే కథను కర్కశ, మృదు గానాలు రెండింటితో చెబుతుంది. ఈ బృందం 2009లో చెన్నై ఐ.ఐ.టి. విద్యార్థుల "సారంగ్" ఉత్సవంలో ప్రదర్శన ఇచ్చినది. స్వీడన్‌కే చెందిన పెయిన్ ఆఫ్ సాల్వేషన్ "ఎంట్రోపియా" (1997)లో యుద్ధం వలన ఛిద్రమైన కుటుంబాన్ని చిత్రించినది. నెదర్లాండ్స్‌కు చెందిన ఆర్యెన్ లుకాసెన్ "ఏరియన్" పేరుతో రూపొందించిన "ఇంటు ది ఎలక్ట్రిక్ కాజిల్" (1998)లో వేర్వేరు కాలాలకు చెందిన పాత్రలను వేర్వేరు గాయకులు ధరించారు.

ప్రధాన వాదాలు

శైలి వాదం: ఈ వాదం ప్రకారం ప్రోగ్రెసివ్ మెటల్‌కు గుర్తించదగిన లక్షణాలు ఉన్నాయి. దీర్ఘమైన, పలు భాగాలు గల పాటలు, కీబోర్డుకు ప్రాధాన్యం, ఉచ్చస్థాయి గానం, ఉన్నత వాద్యనైపుణ్యం, కథాత్మకత వాటిలో ముఖ్యమైనవి. ఈ లక్షణాలను సంపూర్ణంగా పండించినదే ఉత్తమ ఆల్బమ్. ఈ దృష్టితో చూసేవారు డ్రీం థియేటర్ ఆల్బమ్‌లను, అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన సింఫనీ ఎక్స్ వారి "ది డివైన్ వింగ్స్ ఆఫ్ ట్రాజెడీ"ని ఎంచుకొంటారు.

పురోగతి వాదం: "ప్రోగ్రెసివ్" అంటే ముందుకు సాగడం. 1992లో కొత్తదైన పద్ధతిని 1998లో మరొక బృందం యథాతథంగా అనుసరిస్తే అందులో పురోగతి లేదు. అందుచేత సినిక్, మెషుగ్గా, టూల్ వంటి బృందాలే ఆ పేరుకు అర్హమైనవి. మన ప్రబంధ యుగంలో వర్ణనలు క్రమంగా లక్షణాల పట్టికగా మారినట్లే, ఈ సంగీతంలోని కొత్తదనం కూడా అనుకరణ వలన నియమంగా గడ్డకట్టినదని ఈ వాదపు సారాంశం.

రెండు వాదాలకూ పరిమితులు ఉన్నాయి. మొదటి దానిని పూర్తిగా అంగీకరిస్తే నియమాలను పాటించే సాధారణ కృతి కూడా గొప్పదవుతుంది. రెండవ దానిని పూర్తిగా అంగీకరిస్తే కొత్తదనం తప్ప మరే గుణమూ లెక్కకు రాదు. పైగా "ఇమేజెస్ అండ్ వర్డ్స్" వెలువడిన నాటికి అదే కొత్త పద్ధతి. అనుకర్తలు చేసిన దానికి మూలకృతిని నిందించడం న్యాయం కాదని దాని సమర్థకుల సమాధానం.

భావ ప్రాధాన్య వాదం: నైపుణ్యం, నవ్యత రెండూ సాధనాలే, వినేవాని మనసును కదిలించడమే గమ్యమని మూడవ వర్గం అంటుంది. "ఎ ప్లెజంట్ షేడ్ ఆఫ్ గ్రే", "అవేక్" ఆల్బమ్‌లను తరచు ప్రస్తావించేది ఈ వర్గమే.

సంగీతకారులపై ప్రభావం

ఈ చర్చ కేవలం శ్రోతల మధ్య ఆగిపోలేదు. "ఇమేజెస్ అండ్ వర్డ్స్"లోని "మెట్రోపోలిస్ పార్ట్ 1" పాట పేరులో "పార్ట్ 1" అనేది సరదాగా చేర్చినది మాత్రమే. రెండవ భాగం రాసే ఉద్దేశం అప్పటికి బృందానికి లేదు. కాని అభిమానులు రెండవ భాగం ఎప్పుడని సంవత్సరాల తరబడి అడుగుతూ వచ్చారు. ఇరవై నిమిషాలకు పైబడిన ఒక ముసాయిదాను బృందం తయారుచేసినా, అది 1997 నాటి "ఫాలింగ్ ఇంటు ఇన్ఫినిటీ"లో చోటు చేసుకోలేదు. విక్రయ సంస్థ ఒత్తిడి వలన ఆ ఆల్బమ్‌లోని ఒక పాటను జనరంజక గీత రచయిత డెస్మండ్ చైల్డ్‌తో కలిసి తిరిగి రాయవలసి వచ్చినది. ఆ ఆల్బమ్ అభిమానులను నిరాశపరచగా, పోర్ట్‌నాయ్ బృందాన్ని విడిచే ఆలోచన కూడా చేశాడు. ఆ తరువాతి ఆల్బమ్‌ను ఎవరి జోక్యమూ లేకుండా తామే నిర్మించుకొనే షరతుపై బృందం రూపొందించినదే "సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ". శ్రోతల పట్టుదల ఒక రచనకు ప్రేరణ కావడానికి ఇది ఉదాహరణ.

సినిక్ అనుభవం ఇందుకు భిన్నమైనది. విడుదలైన నాడు ఆ ఆల్బమ్‌కు తగిన శ్రోతలు లేరు, ఆ బృందం అప్పటికి ఒక్క ఆల్బమ్‌తోనే ఆగిపోయినది. తరువాతి తరం అభిమానులు "ఫోకస్" పేరును పదే పదే ప్రస్తావించడం వలన దానికి కొత్త శ్రోతలు ఏర్పడ్డారు. రెండవ ఆల్బమ్ "ట్రేస్డ్ ఇన్ ఎయిర్" 2008లో, అంటే 15 సంవత్సరాల తరువాత వెలువడినది. షాన్ రైనర్ట్, బాస్ వాద్యకారుడు షాన్ మలోన్ ఇద్దరూ 2020లో మరణించారు. తమ తొలి కృతికి ఆలస్యంగానైనా దక్కిన గౌరవాన్ని వారు చూడగలిగారు.

తరువాతి పరిణామాలు

2000ల తరువాత ఈ వాదాల బలాబలాలు మారాయి. మెషుగ్గా లయపద్ధతి నుండి "జెంట్" అనే కొత్త ఉపశాఖ పుట్టడంతో, 1995లో అంతగా ప్రచారం లేని "డిస్ట్రాయ్ ఎరేజ్ ఇంప్రూవ్" ప్రాముఖ్యం పెరిగినది. ఓపెత్ 2011 నుండి కర్కశ గానాన్ని విడిచి 1970ల ప్రోగ్రెసివ్ రాక్ వైపు మళ్ళగా, అది పురోగమనమా, తిరోగమనమా అనే కొత్త చర్చ మొదలయినది. 2024 నాటి ఆల్బమ్‌లో ఆ బృందం కర్కశ గానాన్ని తిరిగి ప్రవేశపెట్టినది. 2010లో డ్రీం థియేటర్‌ను వీడిన పోర్ట్‌నాయ్ 2023లో తిరిగి చేరాడు. ఈ మధ్యకాలంలో, 2022లో, ఆ బృందం "ది ఏలియన్" పాటకు ఉత్తమ మెటల్ ప్రదర్శన విభాగంలో గ్రామీ పురస్కారం పొందినది. టూల్‌కు అదే విభాగంలో పురస్కారం 1998లోనే లభించినది.

కాలక్రమంలో ముఖ్యమైన ఆల్బమ్‌లు

1990 – ఎ సోషల్ గ్రేస్ (సైకోటిక్ వాల్ట్జ్)
1991 – పారలల్స్ (ఫేట్స్ వార్నింగ్)
1992 – ఇమేజెస్ అండ్ వర్డ్స్ (డ్రీం థియేటర్)
1993 – ఫోకస్ (సినిక్)
1994 – అవేక్ (డ్రీం థియేటర్)
1995 – డిస్ట్రాయ్ ఎరేజ్ ఇంప్రూవ్ (మెషుగ్గా)
1996 – ఈనిమా (టూల్)
1997 – ఎ ప్లెజంట్ షేడ్ ఆఫ్ గ్రే (ఫేట్స్ వార్నింగ్)
1997 – ఎంట్రోపియా (పెయిన్ ఆఫ్ సాల్వేషన్)
1998 – ఇంటు ది ఎలక్ట్రిక్ కాజిల్ (ఏరియన్)
1998 – ది సౌండ్ ఆఫ్ పర్సెవరెన్స్ (డెత్)
1999 – సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ (డ్రీం థియేటర్)
1999 – స్టిల్ లైఫ్ (ఓపెత్)

ఇవి కూడా చూడండి

హెవీ మెటల్ సంగీతం
ప్రోగ్రెసివ్ రాక్
రష్ (సంగీత బృందం)
తాళం (సంగీతం)